వలీ తెంపేసిన కాయలు

పెళ్లికూతురి భుజం మీద తలంబ్రాల గింజ ఉంటే దులిపెయ్యాలి. దండలో వాడిన పువ్వుంటే లోపలికి తిప్పెయ్యాలి. తాండూరులో ముప్పయ్యేళ్లు పెళ్లి ఫోటోలు తీసిన వలీకి ఇది వేళ్లకు పట్టిన విద్య. అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాక అతని స్టూడియోకు పాస్‌పోర్టు ఫోటోలే మిగిలాయి. కెమెరాకు పని లేక, మనిషికి తోచక, పూల వెంట పడ్డాడు. కంది చేల గట్లు, అనంతగిరి అడవి, నాపరాళ్ల గనుల పక్కన పోసిన రాళ్ల కుప్పలు, ఎక్కడ కొత్త పువ్వు కనిపిస్తే అక్కడ బోర్లా పడుకునేవాడు.

అసూయలో రకాలున్నాయి. పక్కింటి మేడ చూసి పుట్టేది ఒకటి. మనమూ ఒక మేడ కడితే అది పోతుంది. మన పనే మనకంటే నాసిగా చేసే మనిషికి మనకంటే మంచి పేరు వస్తే పుట్టేది ఇంకొకటి. దీనికి యునానీలోనూ మందు లేదు, ఆయుర్వేదంలోనూ లేదు. వలీది ఈ రెండో రకం. దానికి కారణం పద్మారాణి.

ఆమె పరిగి నుంచి పల్లెలకు తిరిగే బస్సులో కండక్టరు. చివరి ఊళ్లో బస్సు పది నిమిషాలు ఆగితే, డ్రైవరు చాయ తాగేలోపు రోడ్డు పక్క మొక్కలను ఫోటోలు తీసేది. తెర పగిలిన ఫోను. ఫోటోలో ఆమె బొటనవేలు పడేది, నీడ పడేది. కొలత తెలియాలని మొక్క పక్కన బస్సు టికెట్టు ఒకటి పెట్టేది. ఆ టికెట్టు కనబడితే చాలు, వలీకి కడుపులో మండేది.

ఇద్దరూ ఒకే వాట్సాప్ గ్రూపులో ఉన్నారు. దాన్ని నడిపేది వికారాబాద్‌లో ఉండే మల్లికార్జున్ సారు. కాలేజీలో బాటనీ చెప్పి రిటైరైన మనిషి. జిల్లాలో ఏ మొక్కను ఎవరు మొదట చూపించారో సారు ఒక జాబితా రాస్తున్నాడు. అందులో పద్మారాణి పేరు పద్దెనిమిది చోట్ల ఉంది. వలీ పేరు ఒక్క చోటా లేదు.

"నీ ఫోటోల పువ్వు నవ్వుతది, ఆమె ఫోటోల ఏడుస్తది. ఇంకెందుకయ్యా ఫికర్?" అనేది భార్య అలీమాబీ.

"ఏడ్చేదానికే పేరు ఇస్తుండు సారు," అనేవాడు వలీ.

ఒక్కటి. జాబితాలో ఒక్క మొక్క పక్కన తన పేరుంటే చాలనుకున్నాడు.

వానలు తెరిపిచ్చిన ఒక పొద్దున, తాండూరు బయట పాత గని దగ్గర రాళ్ల సందులో ఆ మొక్క కనబడింది. జానెడు ఎత్తు, బూడిద రంగు ఆకులు, చిటికెన వేలి గోరంత ఎర్ర పూలు. ఇన్నేళ్ల తిరుగుడులో ఎన్నడూ చూడలేదు. వలీ నల్ల గుడ్డ తీసి వెనక కట్టాడు. కుంచెతో ఆకుల మీద తెల్ల దుమ్ము దులిపాడు. పూల కింద ఎండిన కాయలు నాలుగైదు వంకరగా వేలాడుతూ అందం చెడగొడుతుంటే, గిల్లి అవతల పారేశాడు. ఇరవై ఏడు ఫోటోలు తీసి, అన్నిట్లోకీ మంచిది గ్రూపులో పెట్టాడు. ఎక్కడ అంటే "తాండూరు దిక్కు" అని మాత్రం రాశాడు. చోటు చెబితే ఆ కండక్టరు వచ్చి వాలుతుందని భయం.

మధ్యాహ్నానికి సారు జవాబిచ్చాడు. "వలీ గారూ, ఫోటో అద్భుతం. నీలిమందు మొక్కకు దాయాది అనిపిస్తోంది. ఈ జాతిలో పూలు చూసి పేరు చెప్పలేం, కాయ చూడాలి. కాయ ఉందా?"

వలీ స్కూటరెక్కి మళ్లీ గనికి పరుగెత్తాడు. అప్పటికే ఒక టిప్పరు వచ్చి, ఆ చోట లారెడు రాళ్ల ముక్కలు కుమ్మరించి పోయింది. సాయంత్రందాకా చేతులతో రాళ్లు తీశాడు. దుమ్ము తప్ప ఏమీ రాలేదు.

నాలుగో రోజు గ్రూపులో పద్మారాణి ఫోటోలు పడ్డాయి. బొంరాస్‌పేట రోడ్డు పక్కన. అదే మొక్క. ఆకు వెనక వైపు, కాడ, విప్పిన కాయ, పక్కన టికెట్టు, ఒక మూల బొటనవేలు. గంటలో సారు పేరు తేల్చాడు. జాబితాలో లేని మొక్కే. గ్రూపంతా చప్పట్లు కొట్టింది. వలీ ఆ పూట అన్నం తినలేదు.

మర్నాడు పద్మారాణే ఫోన్ చేసింది.

"వలీ అన్నా, నాకంటె ముందు నువ్వే చూసినవ్ కద. కాయ ఫోటో ఒక్కటి ఉంటె నీ పేరే ఎక్కిస్తనంటుండు సారు. ఉన్నదా?"

"చూడాలె," అన్నాడు వలీ.

"లేకుంటె మా బస్సుల రా. బొంరాస్‌పేటల చెట్టు చూపిస్త."

పోగూడదనుకుంటూనే పోయాడు. బస్సు ఆగాక ఆమె ముందు నడిచి మొక్క చూపించింది. కాయలు గుత్తులుగా ఉన్నాయి. వలీ నల్ల గుడ్డ కట్టి తీశాడు. అంత దగ్గరగా తీస్తే అది బొంరాస్‌పేట కాయో తాండూరు కాయో దేవుడే చెప్పాలి. ఆ మాట ఇద్దరికీ తట్టింది.

"పెట్టుకో అన్నా," అంది పద్మారాణి, టికెట్ల మిషను సంచిలో సర్దుకుంటూ. "ఏడ తీసినవో నేనడుగ. నాకు పద్దెనిమిది ఉన్నయ్."

చివరి మాట ఆమె మంచికే అంది. వలీ మాత్రం తాండూరు చేరేదాకా ఆ పద్దెనిమిదినే నములుతూ కూర్చున్నాడు. ఇంటికొచ్చి, కాయ ఫోటో తెరిచి, కింద "ఇది కూడా తాండూరుదే" అని రాశాడు. పంపే బొత్తాం మీద వేలు ఆగిపోయింది. పంపితే పేరొస్తుంది. కానీ అది ఆమె ఇస్తే వచ్చిన పేరు. జాబితా చూసినప్పుడల్లా ఆమె దయ కనబడుతుంది. పందొమ్మిదోది కూడా ఆమెదే, తన పేరు మీద రాసి ఉంటుంది, అంతే.

రాసింది చెరిపి ఇలా రాశాడు: "సార్, నేను చూసిన చెట్టుకు కాయలుండె. ఫోటో మంచిగ రావాలని నేనే తెంపేసిన. పేరు ఆమెకే రాయండి."

సారు రాశాడు. పందొమ్మిది.

అలీమాబీ పళ్లెం పెట్టి పిలిచింది. "నిజం చెప్పినవ్ కద. మనసు సల్లవడ్డదా?"

వలీ రొట్టె తుంచాడు.

"లేదు," అన్నాడు. "జర పప్పు వెయ్యి."