మా ఇంటి ముందు లేచిన టెంకాయ

నా చిన్నప్పుడు మా ఇంట్లో మగ్గం చప్పుడు ఆగేది కాదు. మా నాయన పొద్దున గంజి తాగి మగ్గం గుంటలోకి దిగాడంటే అన్నానికి తప్ప పైకి వచ్చేవాడు కాదు. ధర్మవరం షావుకారు ఇచ్చే పట్టుతో చీరలు నేసేవాడు. మా వీధిలో మగ్గం ఉన్న ఇల్లు మాదొక్కటే. మా ఇంటికి దారి అడిగినవాళ్లను ‘చప్పుడు వినిపించే ఇల్లు’ అని చెప్పి పంపేవారు. ఇంట్లో వాళ్లకు మాత్రం ఆ చప్పుడు ఉన్నట్టే తెలిసేది కాదు.

ఆ ఇంట్లోనే మా అత్త ఉండేది. నాయనకు అక్క. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, నాయన మగ్గానికి పట్టుదారం కండెలు చుట్టి పెడుతూ ఉండిపోయింది. ఆమెకు అనుమానం ఎక్కువ. పాలు పోయించుకుంటే చెంబులో వేలు ముంచి చూసేది. బెల్లం కొంటే గడ్డను నడిమికి విరిచి లోపల చూడాల్సిందే. చుట్టాలెవరైనా మరీ ముద్దుగా పలకరించి వెళితే, వాళ్లు గడప దాటగానే “ఏం పని పడిందో వీళ్లకు మనతో” అనేది. మా అమ్మకు ఇదంతా తలనొప్పి. నాకు మాత్రం ఆమె వెనకే తిరగడం ఇష్టం. ఆమెతో బజారుకు వెళితే రోజూ చూసే కొట్లే కొత్తగా కనిపించేవి.

మాది పల్లెకు పెద్ద, పట్నానికి చిన్న అన్నట్టుండే ఊరు. పంచాయతీలో ఆడవాళ్లకని ఉంచిన సీటుకు ఎవరో ఒకరు కావాలి కాబట్టి, ప్రెసిడెంటు మనుషులు వచ్చి మా అత్తను మెంబరును చేశారు. వెనక గొడవకొచ్చే మొగుడో కొడుకో లేని మనిషి, తీర్మానం చేసినప్పుడల్లా సరేనని తల ఊపి వెళ్లిపోతుందని వాళ్లనుకున్నారు. పాపం, వాళ్లెప్పుడూ ఆమెతో బెల్లం కొనడానికి వెళ్లలేదు. వీధిదీపం వేయించామని మీటింగులో చెబితే ఆమె పొద్దుగూకాక ఆ స్తంభం కిందికి పోయి నిలబడి చూసేది. కాలువ పూడిక తీయించామంటే కట్టె ముంచి చూసేది. నేను పక్కన నిలబడి, కట్టెకు ఎంత దూరం బురద అంటిందో చూసేదాన్ని. ఊళ్లో అందరూ ఆమెను మెంబరక్క అనేవారు. కొందరు ప్రేమగా, కొందరు పళ్లు నూరుకుంటూ.

ఆ ఏడాది వానలు లేవు. అంతకు ముందు ఏడాదీ సరిగా లేవు. వేరుశనగ పైరు ఊడలు దిగకముందే ఎండిపోయింది. ఊరు ఏటవాలుగా ఉండేది. కిందివీధిలో ప్రెసిడెంటుకూ ఆయన దాయాదులకూ ఇళ్లున్నాయి, పెరళ్లలో బావులున్నాయి. మా నడిమివీధికి ఒక చేదబావి ఉంది. అడుగున బురదనీళ్లే అయినా బట్టతో వడగట్టుకుంటే గడిచేది. మిట్టవీధికి మాత్రం ఏమీ లేదు. గొర్రెలు కాసేవాళ్లు, కూలికి పోయేవాళ్లు ఉండే వీధి అది. వాళ్లు ఊరి బయట ఒక రైతు తోటబావి నుంచి నీళ్లు మోసుకునేవారు. ఆ రైతుకు కోపమొస్తే తోట తడిక మూసేసేవాడు. ఆ రోజు ఆ వీధిలో పొయ్యి వెలిగేది కాదు.

బడిలో నా పక్కన కూర్చునే పిల్లది ఆ మిట్టవీధే. వాళ్లమ్మ నిండు నెలలతో ఉండడంతో నీళ్లు మోసే పని ఆ పిల్ల మీద పడి బడి మానేసింది. నాకు లెక్కలు రావు, ఆ పిల్లకు బాగా వచ్చు. నా పక్కన పలక పెట్టుకునే చోటు ఖాళీగా ఉంటే ఏడుపొచ్చేది. ఒకసారి దారిలో కడవతో ఎదురైతే, ఎప్పుడొస్తావని అడిగాను. “మా వీధిలో బోరింగు ఏసిన పొద్దు వస్తా” అంది. అది జరిగే పని కాదని మా ఇద్దరికీ తెలుసు.

సరిగ్గా అప్పుడే ఊరికి గవర్నమెంటు బోరు లారీ వస్తుందని తెలిసింది. ఒక్కటే బోరు. ఎక్కడ వేయాలో పాయింటు పంచాయతీవాళ్లే చూపించాలి. మా వైపు పాయింటు చూపించడానికి ఒక పద్ధతి ఉంది. నీళ్లు చూసే మనిషి అరచేతిలో టెంకాయను పడుకోబెట్టుకుని, చెప్పుల్లేకుండా నడుస్తాడు. కింద నీటి ఊట ఉన్న చోట ఆ టెంకాయ దానంతటదే నిలువుగా లేస్తుంది. ఇప్పటికీ చాలామంది దాన్ని నమ్ముతారు. నేనూ ఆ రోజు వరకు నమ్మాను.

ప్రెసిడెంటు కంబదూరు వైపు నుంచి అలాంటి ఒకాయన్ను పిలిపించాడు. ఆయన ముందురోజే వచ్చి ప్రెసిడెంటు ఇంట్లోనే దిగాడు, అక్కడే తిన్నాడు. తెల్లారి ఊరంతా వెంట రాగా టెంకాయ పట్టుకుని మూడు వీధులూ నడిచాడు. మిట్టవీధిలో టెంకాయ కదల్లేదు. మా వీధిలో మగ్గం చప్పుడు విని ఆ ఇల్లెవరిదని అడిగితే, మెంబరక్కదని ఎవరో చెప్పారు. అక్కడా కదల్లేదు. కిందివీధిలో, ప్రెసిడెంటు ఇంటి గోడ పక్కన, చక్కగా లేచి నిలబడింది.

జనం గుసగుసలాడారు. మా అత్త ముందుకు వచ్చి, ఆయన కళ్లకు గుడ్డ కట్టి మళ్లీ నడిపించమంది.

ప్రెసిడెంటు నవ్వాడు. “ఏమక్కా, ప్రెసిడెంటు ఇల్లు ఏదో టెంకాయకు తెలుసునా?”

“టెంకాయకు తెల్దప్పా. పట్టుకున్నోనికి తెలుసు కదా.”

జనం నవ్వేశారు. అంతమంది ముందు కాదంటే బాగుండదని ప్రెసిడెంటు సరేనన్నాడు. మా అత్త పక్కనున్నాయన భుజం మీది తువ్వాలు తీసుకుని ఆ మనిషి కళ్లు గట్టిగా కట్టి, చుట్టూ తిప్పింది. ఒక పెద్దాయన చేతికర్ర కొసను ఆయనకు పట్టించి ముందు నడిచాడు. ఈసారి ప్రెసిడెంటు గోడ పక్కన టెంకాయ పడుకునే ఉంది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. నడుస్తూ నడుస్తూ మా నడిమివీధిలోకి వచ్చారు. సరిగ్గా మా ఇంటి గడప ముందు ఆయన ఆగాడు. టెంకాయ లేచి నిలబడింది.

 అందరి కళ్లూ మా అత్త మీదికి తిరిగాయి. అంతవరకు ప్రెసిడెంటు మీద ఉన్న అనుమానం మొత్తం మూట కట్టి తెచ్చి మా గడపలో పెట్టినట్టయింది. ‘ఓహో, తువ్వాలు కట్టింది ఇందుకా’ అని ఎవరో అన్నారు. నా స్నేహితురాలి తల్లి నిండు కడుపుతో గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె కోపంగా కూడా అనలేదు. “నీ ఇంటి ముందరికే రావాల్నా మెంబరక్కా?” అంది. ఆ మాటకు అత్త ముఖం నల్లబడింది.

విచిత్రమేమిటంటే, ప్రెసిడెంటు ఏమాత్రం బాధపడలేదు. “సరే, మెంబరక్క ఇంటి ముందరే ఏస్తాం. దేవుడు చూపించినాడు, మనమెవురు కాదనేకి?” అన్నాడు. మా అమ్మ సంతోషంతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను అప్పటికే బోరింగు పక్కన బిందెలు ఎక్కడ పెట్టుకోవాలో చూసుకుంటున్నాను. మా ఇంటి ముందు పడినా నా స్నేహితురాలికి తోటబావి కంటే దగ్గరే కదా అని మనసుకు సర్ది చెప్పుకున్నాను కూడా.

అత్త ఒక్కతే సంతోషించలేదు. ఇంట్లోకి వెళ్లింది. నేనూ వెనకే వెళ్లాను. బయట అంత జరుగుతున్నా నాయన తలెత్తకుండా నేస్తున్నాడు. అత్త మగ్గం ముందు నిలబడి, నాయన కాళ్ల వైపు, చేతుల వైపు చాలాసేపు చూసింది. తర్వాత ఆమె ముఖంలో బెల్లం గడ్డ విరిచినప్పుడు కనిపించే చూపు వచ్చింది.

నా చెవి దగ్గర వంగి చెప్పింది. “నేను బయటికి పోతూనే మీ నాయన్ను మగ్గం ఆపమను. నేను కేకేసేదంకా ఆడించద్దను. నువ్వు ఈడే ఉండు పాపా.”

బయటికి వెళ్లి, పంచాయతీ ఆఫీసు నుంచి ఇంకో తూరి నడవాలని పట్టుబట్టింది. ఇంటి ముందు లేచిన టెంకాయను వద్దనే మనిషిని ఎవరూ చూసి ఉండరు. అందరూ విసుక్కున్నారు. అయినా ఆమె తువ్వాలు ఇంకాస్త బిగించి కట్టింది.

నాయన మగ్గం ఆపాడు. మా ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండగలదని నాకు అప్పుడే తెలిసింది. దూలం మీద పిచ్చుక కాళ్ల చప్పుడు వినిపించింది. వీధి మలుపులో చేతికర్ర చప్పుడు, జనం అడుగుల చప్పుడు వినిపించి దగ్గరయ్యాయి. తలుపు సందులోంచి చూశాను. ఆ మనిషి మా ఇంటి దగ్గరికి వచ్చేసరికి నడక తగ్గించి, తల ఒక పక్కకు వంచాడు. దేనికోసమో వెతుకుతున్నట్టు చెవి ఇటూ అటూ తిప్పాడు. తర్వాత మెల్లగా మా గడప దాటి ముందుకు వెళ్లిపోయాడు. టెంకాయ అరచేతిలో పడుకునే ఉంది. వీధి చివరి దాకా వెళ్లినా అది లేవలేదు.

అప్పుడు అత్త కేకేసింది. నాయన మగ్గం ఆడించాడు. ఆ చప్పుడు వీధంతా వినిపించింది. ఆమె ఇక ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. ఒక్కొక్కరే మా ఇంటి వైపు, ఆ మనిషి వైపు చూసి తల ఊపారు. కళ్లు కట్టిన మనిషి మగ్గం చప్పుడు విని, ఇది ఆ గొడవపడే మెంబరమ్మ ఇల్లేనని పోల్చుకున్నాడు. ఆమె ఇంటి ముందే టెంకాయ లేపితే ఆమె నోరు మూతపడుతుందనుకున్నాడు.

జనం ఆయన మీదికి వెళ్లబోతే అత్తే అడ్డం నిలబడింది. తువ్వాలు విప్పి, చెంబుతో నీళ్లిచ్చింది. ఆయన నీళ్లు తాగి, తల దించుకునే అన్నాడు. “ఏం చేద్దునమ్మా. యాడికి పోయినా ఎవురో ఒగురు పెద్దోళ్లుంటారు. వాళ్లకు నచ్చినచోట టెంకాయ లేయకుంటే మల్ల నన్ను పిల్చరు.”

మధ్యాహ్నం పంచాయతీ ఆఫీసులో మీటింగు పెట్టారు. నేను కిటికీ పట్టుకుని వేలాడుతూ విన్నాను. టెంకాయ పని అయిపోయింది, ఇక పాయింటు ఎట్లా అన్నాడు ప్రెసిడెంటు. మా అత్త తలుపు పక్కన తన కుర్చీలోంచి లేచింది. “నీళ్లు యాడుండాయో నాకు తెల్దు. యాడ లేవో ఊరందరికీ తెలుసు. ఆడ ఏయండి” అంది. మిట్టవీధి కింద అంతా బండే ఉండి బోరు వట్టిపోతే ఎవరు జవాబు చెబుతారని ప్రెసిడెంటు అడిగాడు. “నేను చెప్తా. నన్ను నడివీధిలో నిలబెట్టి తిట్టండి” అంది. పొద్దున జరిగింది అందరూ చూసి ఉండడంతో, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ మెంబర్లు చేతులెత్తారు.

బోరు లారీ వచ్చిన రోజు మిట్టవీధి అంతా తెల్లటి బండపొడి కమ్మేసింది. ఎంతసేపు దించినా పొడే. ప్రెసిడెంటు చేతులు కట్టుకుని నిలబడి, బోరు వైపు కాకుండా మా అత్త వైపే చూస్తున్నాడు. ఆమె నా భుజం పట్టుకుంది. వేళ్లు గుచ్చుకున్నాయి. ఆమె భయపడగా నేను చూసింది అప్పుడొక్కసారే. తర్వాత పొడి రంగు మారింది, బురదయింది, సన్నగా నీళ్లు వచ్చాయి. గొప్పగా ఏమీ పడలేదు. చాలాసేపు కొడితే గానీ బిందె నిండని బోరింగు అది. అయినా తడిక మూయడానికి దానికి రైతు లేడు. కొద్ది రోజులకు నా స్నేహితురాలు పరికిణీ అంచు తడిగానే బడికొచ్చి నా పక్కన పలక పెట్టుకుంది. నేను బడి అని కూడా చూడకుండా కావలించుకున్నాను.

ఇంత చేసినా ఊళ్లో అనుమానం తీరలేదు. మిట్టవీధి ఓట్ల కోసమే మెంబరక్క ఈ నాటకం ఆడిందని కొందరన్నారు. నాకు ఒళ్లు మండి ఆమెతో చెబితే, కండె చుట్టడం ఆపకుండానే నవ్వింది. “అనుమానపడనీ పాపా. నన్ను గూడా ఒగ కన్నేసి చూడాల్సిందే” అంది. మరి మన ఇంటి ముందు లేచినప్పుడు ఊరుకుంటే పోయేది కదా అని అడిగాను. అప్పుడు ఆమె చేతులు ఆగాయి. “వానింటి ముందర లేస్తే ఊరంతా అనుమానపడతాది. మనింటి ముందర లేస్తే మనమే పడాల. ఇంగెవురు మగ్గం ఆపుతారు?” అంది.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఆమెను తలచుకోని వారం లేదు నాకు. ఇప్పుడు నేనుండే పట్నంలో మొన్న మా వీధికి సిమెంటు రోడ్డు వేయడానికి వచ్చారు. వచ్చిన సిమెంటు వీధి అంతటికీ సరిపోదట, సరిగ్గా మా గేటు ముందు నుంచి మొదలుపెట్టారు. వానొస్తే మోకాలి లోతు బురదయ్యేది వీధి చివర, మా ఇంటి దగ్గర కాదు. మా అబ్బాయి కాఫీ గ్లాసు పట్టుకుని సంబరంగా చూస్తున్నాడు. నేను గేటు దాకా వెళ్లి, “ఈడి నుంచే ఏంటికి మొదలుపెట్టినారప్పా?” అని మేస్త్రీని అడిగాను.  మేస్త్రీ ‘సార్ చెప్పినారు కదా’ అన్నట్టు మా అబ్బాయి వైపు చూశాడు.

కంకర తట్టలన్నీ వీధి చివరికి మోయించేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు. అబ్బాయి ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. చివరి నుంచి బాగా వేస్తామని మేస్త్రీ మాటిచ్చాడు. సాయంత్రం నేను ఒక కట్టె తీసుకుని, ఎంత మందాన వేశారో చూడడానికి వెళ్లాను.