మునసబుగారి గచ్చు మీద ఎర్రటి అడుగులు

మునసబుగారి కొత్త ఇంట్లోంచి లక్ష్మీదేవిని సాగనంపినవాణ్ణని ఊరంతా నన్ను ఆడిపోసుకుంటోంది. జరిగింది జరిగినట్టు చెబుతాను, నా తప్పెంతో మీరే తేల్చండి. ఉన్నంత ఒప్పుకుంటాను. కానీ అసలు తప్పంతా నాదేనంటే మాత్రం నేనొప్పుకోనండి!

ఈ ఊళ్ళో పన్నెండేళ్ళుగా బడి చెబుతున్నాను. బడంటే మునసబుగారి పశువులశాలకి ఒక పక్కన దించిన తాటాకు చూరు. వానొచ్చిందంటే పిల్లలూ దూడలూ ఒకే వరసలో నిలబడాలి. మునసబుగారు చూసిచూసి, "కొత్త ఇల్లు పూర్తవనివ్వండి పంతులుగారూ, వీధరుగు మీ బడికే" అని మాటిచ్చేరు. ఇక ఆ ఇంటిపని ఆయనకన్నా నాకే ఎక్కువైపోయింది. పొద్దున్నా సాయంత్రం వెళ్ళి చూసుకునేవాణ్ణి.

అరుగుకి గచ్చు చేసేరు. సున్నం గానుగలో ఆడించి, బెల్లపునీళ్ళూ కరక్కాయ రసమూ కలిపి, రాయి పెట్టి పామి పామి వెన్నలా చేసేరు. అయితే పైన చూరు పని ఇంకా మిగిలే ఉంది. వడ్రంగులు తొక్కి పాడుచెయ్యకుండా గచ్చు మీద చాపలు పరచాలి, గచ్చు తొందరపడి ఆరిపోకుండా ఆ చాపలమీద రోజూ నీళ్ళు చల్లాలి. మేస్త్రీ అప్పన్నని కాలవ లాకుల పనికి రమ్మన్నారు. వెళ్తూ వెళ్తూ నాతో, "కొత్త తాటాకు చాపలే పరిపించండి పంతులుగారండీ" అన్నాడు.

కొత్తవే ఎందుకని అడిగేను. "మా అలవాటండి, ఆయ్" అని నడిచిపోయేడు. చూసేరా? కారణం ఒక్క ముక్క చెప్పి ఉంటే ఇంత జరిగేదా?

పదిహేను రోజులు పరిచి అవతల పారేసే చాపలకి కొత్తవెందుకండీ? అప్పనపల్లిలో మా బావమరిది మొన్నామధ్యనే ఇల్లు కట్టుకున్నాడు. అక్కడ నేలమీద ఇలాగే పరిచిన చాపలు అటకమీద భేషుగ్గా ఉన్నాయి. మునసబుగారికి ఆ మాట చెప్పి, చిరిగిన పంచెని ముందు తువ్వాలు చేసుకుని, తువ్వాలు చిరిగితే పీట తుడుచుకునే గుడ్డ చేసుకుని, అదీ చిరిగితే దీపానికి వత్తులు చేసుకున్న పెద్దమనిషి కథ కూడా చెప్పేను. ఆయన వత్తులదాకా వినలేదు. "సరే, తెప్పించండి" అనేసేరు.

పడవమీద తెప్పించేను. విప్పి చూస్తే ఒక పక్కన మరకలు, రెండో పక్కన శుభ్రంగా ఉన్నాయి. వచ్చేపోయేవాళ్ళకి మురికి కనబడితే ఏం బాగుంటుందని, దగ్గరుండి శుభ్రమైన పక్క పైకి వేయించేను. గడప దగ్గర్నించి మెట్లదాకా అన్నిటికన్నా పెద్ద చాప పరిపించేను. రోజుకి రెండుసార్లు నా చేత్తో నేనే నీళ్ళు చల్లేను. ఇంత శ్రద్ధ ఎవరు చూపిస్తారండీ?

గృహప్రవేశం రెండు రోజులుందనగా చాపలు తీసేరు.

తెల్లటి గచ్చు మీద, గడప దగ్గర్నించి మెట్లదాకా, ఎర్రగా అడుగులు! ఒకటి కాదు, రెండు కాదు, తొమ్మిది. అన్నీ ఇంట్లోంచి బయటికే.

మునసబుగారి తల్లిని ఊరంతా మామ్మగారంటారు. ఆవిడ వచ్చి చూసి, మెట్లకింద ఇసకలో చతికిలబడిపోయేరు.

"అమ్మవారు వెళ్ళిపోయిందిరా అబ్బాయ్. నేనీ గడప తొక్కను" అన్నారు.

మునసబుగారు నాకేసి తిరిగి, ముహూర్తం ఎలాగూ మార్చాలి, అరుగు తవ్వించాలి, బడి సంగతి మరి పై ఏడు చూద్దామన్నారు. పై ఏడు! నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మవారు కాదండీ, అది కావి రంగు, మా బావమరిది గోడలకి కావి పూయించినప్పుడు ఎవడో బుద్ధిలేని పనివాడు పళ్ళెంలో కాళ్ళుపెట్టి చాపమీద నడిచి ఉంటాడు, నీళ్ళు పడేసరికి నాని పచ్చి గచ్చుకి అంటుకుంది, అని గట్టిగానే చెప్పేను. పనివాళ్ళకి ఒళ్ళు దగ్గర పెట్టుకోవడం తెలియదని కూడా నాలుగు తిట్లు తిట్టేను.

మామ్మగారు లేచి వచ్చి ఆ అడుగుల్ని వంగి చూసేరు. లక్ష్మీదేవి పాదం ఇంత పెద్దదుంటుందా అని ఆవిడకే అనుమానం వచ్చింది. బొటనవేలికన్నా పక్కవేలు ఒక కణుపు పొడుగుంది. ఆవిడ చూపు గచ్చుమీంచి మెల్లిగా నా కాళ్ళమీదికి వచ్చింది.

"పంతులుగారూ, ఏదీ, మీ కాలొకసారి ఇలా పెట్టండి."

పెట్టేను. సరిగ్గా సరిపోయింది.

అప్పుడు జ్ఞాపకం వచ్చిందండి. కావి పూసేనాడు నేను అప్పనపల్లిలోనే ఉన్నాను. పూతవాడికి కుంచె ఎలా పట్టుకోవాలో చెబుతూ చెబుతూ వెనక్కి నడిచి, పళ్ళెంలోనే రెండు కాళ్ళూ పెట్టేను. వాడు నవ్వితే కోపం వచ్చి చరచరా బయటికి వెళ్ళిపోయేను. ఆ చరచరా అంతా ఇక్కడ తేలింది.

మామ్మగారు పైట నోటికడ్డం పెట్టుకుని, "ముహూర్తం మార్చకురా అబ్బాయ్. వెళ్ళిపోతున్నది లక్ష్మి కాదు, పంతులుగారు. ఆయన పోతే మనకేం బెంగ?" అన్నారు.

గృహప్రవేశం లక్షణంగా జరిగింది. మునసబుగారు మాట తప్పలేదు. అరుగూ మీదే, మరకలూ మీవే అన్నారు. కొత్త చాపలు పరిపించమని కారణం చెప్పకుండా పోయిన అప్పన్నని మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు. ఇదేం న్యాయమండీ?

రోజూ పిల్లలు రాకముందే కొబ్బరిపీచు, ఇసక పట్టుకెళ్ళి తోముతున్నాను. ఇప్పటికి ఎడమకాళ్ళు నాలుగూ పోయేయి. కుడికాలు ఇంకా కోపంగా మెట్లు దిగుతూనే ఉంది.