ఒక్క పేజీలో పాల చీటీ

2002 వేసవిలో మదనపల్లెలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కార్యాలయంలో డాక్యుమెంటేషన్ అసిస్టెంటుగా చేరాను. ప్రోగ్రాములు రాసేవాళ్లు వేరు. వాటిని ఎలా వాడాలో చెప్పే మాన్యువల్‌ను సరిచూడటం నా పని. నలుగురిలో మాట్లాడాలంటే జంకే నాకు అది సరిపోయింది.

మా సాఫ్ట్‌వేర్ పాల కేంద్రాల కోసం. రైతు పోసిన పాల బరువు, వెన్న శాతం తీసుకుని చీటీ అచ్చువేస్తుంది. ఒక్కో కేంద్రానికి చీటీ ఒక్కో తీరుగా కావాలి కనుక, దాని రూపం చెప్పే కొద్దిపాటి కోడ్‌ను ఆపరేటరే కంప్యూటర్‌లో కొట్టుకోవాలి. అందుకు మాన్యువల్‌లో నమూనాలు ఉండేవి. సీనియర్ ప్రోగ్రామర్ రామచంద్ర సారు రాసినవవి. పుంగనూరు కేంద్రంలో ఒక నమూనాను ఉన్నదున్నట్టు కొట్టారు. చీటీ వచ్చింది గానీ, పైన చౌడేపల్లె అని పడింది. నమూనా కోసం సారు వేసిన ఊరది. "మా ఆవు సౌడేపల్లెకి ఎప్పుడు పోయిందప్పా?" అని ఒక రైతు అడిగాడట. ఆఫీసులో అందరం నవ్వుకున్నాం.

కుప్పం దగ్గరి పల్లెలో మాత్రం చీటీయే రాలేదు. నన్ను పంపారు. ఆపరేటర్ శ్యామల ఇంటర్ చదివిన అమ్మాయి, అదే ఆమె మొదటి ఉద్యోగం. నేను వెళ్లేసరికి కేంద్రం ప్రెసిడెంటు మునెప్ప గుమ్మంలోనే ఉన్నాడు.

"రామ్మా, రా. ఈ పెట్టె వచ్చినప్పట్నించి పాలు ఇరగతాండాయి గానీ చీటీ రాలే. సోమారం దాకా సూస్తా. అప్పటికీ రాకుంటే పెట్టెనీ, ఈ పిల్లనీ కలిపి పంపించేస్తా. పాత పద్ధతిలో చేత్తోనే రాసుకుంటాము" అన్నాడు.

ఆయన వెళ్లాక శ్యామల ఒక జెరాక్స్ కాగితం చూపించింది. "అక్కా, పుంగనూరులో ఇదే పేజీతో వచ్చిందంట. ఈడ యాల రాలేదు?"

మాన్యువల్ ఏదని అడిగాను. ఆ పుస్తకాన్ని తానెప్పుడూ చూడలేదంది. అక్కడి పద్ధతే అంత. ఒక కేంద్రంలో పుస్తకం ఉంటే, పక్క కేంద్రం వాళ్లు కావలసిన పేజీ ఒక్కటే జెరాక్స్ తీయించి బస్సు కండక్టర్ చేతికిస్తారు. ఆమె దగ్గరున్న నమూనా, రెండు పేజీల ముందున్న కోడ్‌లో బరువుకీ, వెన్న శాతానికీ పెట్టిన పేర్ల మీద ఆధారపడింది. పుంగనూరు వాళ్లు వాటిని అంతకుముందే కొట్టి ఉన్నారు. ఈమెకు ఆ పేజీ రానేలేదు. ఏ పుస్తకమైనా మొదటి పేజీ నుంచి చదివే నాకు, పుస్తకం ఇలా విడిపోయి తిరుగుతుందని తోచనే లేదు.

సరిచేద్దామని కూర్చునేలోపు కరెంటు పోయింది. సాయంత్రం పాలవేళ దాకా రాదన్నారు. నా బస్సు అంతకుముందే ఉంది.

మర్నాడు నమూనాను మళ్లీ రాశాను. రెండు పేజీల ముందున్న ఆ వరుసలను కూడా అందులోకి తెచ్చాను. ఊరు, ధర, ప్రింటర్ పేరు మధ్యలో ఎక్కడో కాకుండా అన్నీ పైనే పెట్టాను. అన్ని నమూనాలూ ఇలాగే ఉండాలని సారుతో చెప్పాను. ఒకసారి రాసింది మళ్లీ రాయకూడదన్నది ఆయన నియమం.

"ఒకే మాట ప్రతి పేజీలోనా? మనం రాసేది ప్రోగ్రామా, భజనా?"

వాదించడం నాకు చేతకాదు. శ్యామల దగ్గరున్నలాంటి పేజీ ఒక్కటే ఆయన ముందు పెట్టి, దీనితో చీటీ తీయండి సార్ అన్నాను. ఆయన కాగితాన్ని తిప్పి వెనుక వైపు కూడా చూశారు. ఖాళీ. అప్పుడు నేను కొత్తగా రాసిన పేజీ అందుకుని, పై మూడు వరుసల చుట్టూ పెన్సిల్‌తో గడి గీశారు. "మార్చాల్సింది ఇంతవరకే అని రాయి. కింద ముట్టుకోవద్దని కూడా" అన్నారు.

శనివారం ఆ పేజీని కుప్పం బస్సు కండక్టరుకిచ్చాను.

సోమవారం పొద్దున ఎస్టీడీ బూత్ నుంచి శ్యామల ఫోన్ చేసింది. "అక్కా, వచ్చేసింది! మా ఊరి పేరే పడింది. మునెప్ప మామ మొదటి చీటీ జోబిలో పెట్టుకోని అందరికీ సూపిస్తాండాడు. నన్ను పంపిస్తానన్న మాటే మర్సిపోయినాడు."

తర్వాత కొంచెం తగ్గిన గొంతుతో అడిగింది. "పక్కూరోళ్లు ఆ పేజీ అడగతాండారు. ఇయ్యొచ్చునా?"

ఇవ్వమన్నాను. తర్వాతి మాన్యువల్ మునుపటికన్నా లావుగా వచ్చింది. ప్రతి నమూనా ఒక పేజీలో మొదలై ఆ పేజీలోనే ముగిసింది. ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను పాటించిన నియమం ఒక్కటే. నమూనా రాసేటప్పుడు, చదివేవాళ్ల చేతిలో ఆ ఒక్క కాగితమే ఉందనుకుని రాయాలి.