చిమ్మటలు కొట్టిన కోటు

మా ఆయన దర్జీ. చేతికన్నా నోరే ఎక్కువ పని చేసేది. గుండీ కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా గంటసేపు కూర్చుని నవ్వుకుని వెళ్ళేవారు. ఆయన పోయాక అందరూ ఆ నవ్వులే తలుచుకుంటున్నారు. నాకు మాత్రం ఒక కోటు గుర్తొస్తుంది.

వెనక వీధి టీచరమ్మగారు, చనిపోయిన భర్త కోటును కూతురికి సరిపోయేలా చేయమని తెచ్చి ఇచ్చారు. ఈయన ఎవరితోనో కబుర్లలో పడి ఇస్త్రీపెట్టెను దాని వీపు మీదే వదిలేశారు. కాలినమేర కత్తిరించి పారేసి, ఆవిడ రాగానే, "చిమ్మటలు కొట్టేశాయండీ. బీరువాలో పెట్టి మర్చిపోయినట్టున్నారు," అన్నారు.

ఆవిడ మొహం చిన్నబోయింది. "నాదే తప్పు బాబూ. అప్పుడప్పుడూ ఎండలో వేయాల్సింది," అంటూ మిగిలిన కోటును గుండెలకు హత్తుకుని వెళ్ళిపోయారు.

ఆ ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల. తప్పు దాచుకుని ఆ రొట్టె తినకూడదంటారు. రొట్టె పళ్ళేన్ని ఈయన ముట్టుకోకుండా నాకు అందించేశారు. ఇంటికొచ్చాక నిలదీస్తే సంగతి చెప్పారు.

"దేవుణ్ణి క్షమించమని అడిగాను కదే."

"కోటు దేవుడిదా? వెళ్ళి ఆవిడకి చెప్పండి."

"దర్జీ కోటు కాల్చుకున్నాడని నలుగురూ నవ్వుతారే."

"నలుగుర్నీ నవ్వించడం మీకు సరదాయేగా!"

ఆయన నవ్వలేదు. వచ్చే వారం వెళ్తానన్నారు. అలా అంటూండగానే ఏడాది దాటింది. ప్రభువు బల్ల జరిగిన ప్రతిసారీ పళ్ళెం ఆయన్ని దాటి నా చేతికి వచ్చేది.

చివరికి ఒక సాయంత్రం దుకాణం మూసి, నన్ను తోడు తీసుకుని వెళ్ళారు. గుమ్మంలోనే నిలబడి, "చిమ్మటలు కాదమ్మా. నేనే కాల్చాను. మీతో అబద్ధమాడాను," అనేశారు.

టీచరమ్మగారు తలుపు పూర్తిగా తెరిచారు. "నాన్న గుర్తు అదొక్కటే ఉంటే, అదీ పాడుచేశావని మా అమ్మాయి అలిగి వెళ్ళింది బాబూ. ఫోన్ కూడా చేయదు. నేనూ నా తప్పే అనుకున్నాను."

ఈయన జేబులోంచి ఫోన్ తీశారు. "నంబరివ్వండమ్మా, నేనే చెప్తాను."

కూతురు అంతా విని ఫోన్ పెట్టేసింది. టీచరమ్మగారే ఈయన భుజం తట్టి, మంచినీళ్ళిచ్చి, "పోనీలే బాబూ, చెప్పావుగా," అన్నారు. నాలుగు తిట్టి ఉంటే ఆయనకు తేలికపడేదేమో.

ఇంటికొస్తూ దారిలో ఆగిపోయారు.

"ప్రభువు క్షమిస్తాడు. ఆవిడా క్షమించింది. ఆ తల్లీకూతుళ్ళకి పోయిన ఏడాదిని ఎక్కణ్ణుంచి తెచ్చివ్వనే?"

చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాను.