టైల్స్ సందులు నింపిన మనిషి

మా టైల్స్ మేస్త్రి చనిపోయాడని ఆయన భార్యే నాకు ఫోన్ చేసి చెప్పింది. "దమ్ము ఆడలే సారూ. రెండు దినాలు దవాఖానల ఉన్నడు. పొద్దుగాల పోయిండు" అంది. గొంతులో ఏడుపు లేదు. నేను మాట వెతుక్కునేలోపే ఆమె ఇంకో మాట అంది: "బేగంపేట బాత్రూమ్ సగంల ఆగింది. దినాలు అయినంక నేనే పోయి ముగిస్త."

చావు కబురు వింటే దుఃఖం రావాలి. నాకు ముందు భయం వచ్చింది. ఆయన ఊపిరి తీసిన గదిలోకి ఆమె మళ్లీ పోతానంటోంది.

నేరేడ్‌మెట్‌లో మేం అద్దెకున్న ఇంటికి రెండు వీధుల అవతల ఉండేవారు ఆ దంపతులు. అద్దె ఇల్లు ఒకటి ఖాళీ అయి కొత్తవాళ్లు దిగేలోపు, బాత్రూమ్ టైల్స్ మధ్య పాడైన సందులు గీకి, కొత్త సిమెంట్ మసాలా నింపి, అది ఆరాక నీళ్లు ఇంకకుండా పైన పూత వేయడం వాళ్ల పని. ఆయన గీకి నింపుతూ పోయేవాడు, ఆమె వెనకే తడి స్పాంజీతో తుడుస్తూ వచ్చేది. ఊళ్లో ఎంతమంది వాళ్లు నింపిన గీతల మీద నిలబడి స్నానం చేస్తున్నారో నాకు తెలియదు. వాళ్లకూ తెలియదు. తెలుసుకోవాలని ఎవరికి ఉంటుంది?

మా బాత్రూమ్ నీళ్లు కింది పోర్షన్ సీలింగులోకి దిగి, ఓనరు మా మీద పడ్డప్పుడు మేస్త్రి మొదటిసారి మా ఇంటికి వచ్చాడు. చెప్పులు విడిచి, కాలి బొటనవేలితో ఒక్కో సందూ నొక్కుకుంటూ గదంతా తిరిగాడు. మూల దగ్గర ఆగి, "కారేది టైలు కాడ కాదు సారూ, సందు కాడ. అందరు టైలు చూసి ఇల్లు తీస్కుంటరు" అన్నాడు. మేస్త్రీల మాటల్లో తత్వం వెతికే అలవాటు నాకు లేదు. అయినా ఆ వాక్యం మీద నేను రాసిన వ్యాసాలన్నిటికంటే ఎక్కువసేపు ఆలోచించాను.

పని అయ్యాక తలుపుకు అడ్డంగా దారం కట్టేవాడు. రెండు రోజులు ఎవరూ కాలు పెట్టకూడదు.

"మరి స్నానం ఎక్కడ చేయాలి మేస్త్రీ?" అని మా ఆవిడ అడిగింది.

"పక్కింటోళ్లతోని దోస్తానా చేస్కో చెల్లె. నా పనితోని ఎన్ని కాలనీల దోస్తానాలైనయో."

పూత వేసి, అదీ ఆరాక వచ్చి, గ్లాసులో వేళ్లు ముంచి సందుల మీద నీళ్లు చిలకరించి గొంతుక్కూర్చునేవాడు. "బొట్టు నిలబడితే పనైనట్టు. ఇంకిందంటే నేను అబద్ధమాడినట్టు" అనేవాడు. చుక్కలు ఉబ్బి నిలబడేవి. ఆయన మాత్రం ఇంకా చూస్తూ కూర్చునేవాడు, మనసు మార్చుకుంటాయేమో అన్నట్టు.

ఇక యాసిడ్ సంగతి చెప్పాలి. ఇల్లు ఖాళీ చేసేవాళ్లు బాత్రూమ్ యాసిడ్‌తో కడిగించి పోవాలన్నది మన ఓనర్ల శాసనం. సందుల మీద పోస్తే బుసబుసా పొంగుతుంది. ఆ పొంగు చూసి మురికి పోతోందని సంబరపడతారు. "అది మురికి కాదు సారూ, సిమెంట్‌ను తింటున్న నురగ. ఇయ్యాల తెల్లగైతది, ఆర్నెల్లకు కింద ఇంట్ల కారుతది" అని ఆయన ప్రతి ఇంట్లో చెప్పేవాడు. ప్రతి ఇంట్లో వినేవారు. విని, సీసా తెచ్చి చేతిలో పెట్టేవారు.

నేనూ పెట్టాను. ఓనరు చూడడానికి వస్తున్నాడని, గోడ తెల్లగా ఉంటే మాట పడకుండా ఉంటామని. సబ్బునీళ్లూ బ్రష్షూ చాలని ఆయన అంటుంటే, "ఈ ఒక్కసారికి" అన్నాను. లోపలి నుంచి ఆయన దగ్గు వినబడింది. నా గొంతు మండుతోందని నేను బాల్కనీలోకి పోయి నిలబడ్డాను. శ్రమజీవుల గురించి పాతికేళ్లుగా రాస్తున్నవాణ్ణి. గాలి మాత్రం నేను పీల్చుకున్నాను.

బేగంపేటలో జరిగింది ఇది. నాలుగో అంతస్తు ఫ్లాటు, కిటికీ లేని బాత్రూమ్. పావురాలు దూరుతున్నాయని వెంటిలేటర్‌కు అట్ట బిగించారు. పాచి వదులుతుందని ఓనరు ముందురోజే నేలంతా బ్లీచింగ్ పౌడర్ చల్లి ఉంచాడు. మేస్త్రికి చెప్పలేదు. ఆ రోజు భార్యకు జ్వరం, ఆయన ఒక్కడే వెళ్లాడు. సగం సందులు గీకాక, మిగతా సగం ముందు తెల్లగా కావాలని ఓనరు పట్టుబట్టి యాసిడ్ పోయించాడు. ఆ రెండూ కలిస్తే విషపు గాలి పుడుతుంది. ఆయన తన కాళ్ల మీదే బయటికొచ్చి, నీళ్లు తాగి, ఆటో ఎక్కి ఇంటికొచ్చాడు. దవాఖానకు పోయేసరికి మాట రావడం లేదు.

"ఎవరూ కావాలని చేయలేదు కదా" అంటారు మీరు. నిజమే. ఎవరూ కావాలని చేయకపోయినా మనిషి చచ్చిపోయే పద్ధతి ఒకటి మనం కట్టుకున్నాం. అందుకే నా కోపం.

దినాలు అయ్యాయి. వద్దని చెప్పడానికి ఆమె ఇంటికి పోయాను.

"సందులు తెరిచి పెట్టి పోయిండు సారూ. నీళ్లు దిగితే కిందోళ్లు ఎవర్ని తిడ్తరు? మేస్త్రినే గద. సచ్చినంక సుత తిట్లు పడాల్నా?"

ఆమె పనిముట్ల సంచి అందుకుని బేగంపేటకు వెంట వెళ్లాను.

ఓనరు చెడ్డవాడేం కాదు. కుర్చీ వేశాడు. "సాయం చేద్దామనే చల్లాను సార్. ఆయనకు ముందే దగ్గుందట కదా" అన్నాడు. ఎవరు పెట్టిన దగ్గండీ అని నేను లేచాను.

"సారూ, నువ్వు తర్వాత కొట్లాడు. నన్ను పని చేస్కోనియ్" అంది ఆమె.

ఓనరు కాస్త నసిగి, "ఆ పక్క ఇంకా తెల్లబడలేదమ్మా, కొంచెం..." అన్నాడు.

"యాసిడ్ ఇంట్ల ఉన్నదాక నేను కడప దాట. సీసా బయట పెట్టు. పౌడర్ సుత."

ఆయన తెచ్చి మెట్ల మీద పెట్టాడు. నేను వెంటిలేటర్ అట్ట పీకేశాను. "పావురాలు సార్" అని గొణిగాడు. ఆమె నేలంతా నీళ్లతో నాలుగుసార్లు కడిగించుకుంది. మొగుడు ఎక్కడ ఆపాడో వేలితో తడిమి, అక్కడే కూర్చుంది. దుమ్ము లేవకుండా నీళ్లు చిలకరించుకుంటూ గీకడం మొదలుపెట్టింది.

నేను బాత్రూమ్ గుమ్మంలోనే కూర్చున్నాను. లోపల ఇనుము సిమెంట్ మీద గీసుకునే చప్పుడు. అది ఆగినప్పుడల్లా పిలిచేవాణ్ణి.

"అక్కా?"

"ఉన్న సారూ."

మళ్లీ గీకుడు. మళ్లీ నిశ్శబ్దం.

"అక్కా?"

"ఉన్న. జెర మసాలా కలుపుకోనియ్ సారూ, గిట్ల పిలుస్తుంటే పనైతదా?"

సరేనని నోరు మూసుకున్నాను. మధ్యాహ్నం ఎండ వెంటిలేటర్‌లోంచి ఆమె భుజం మీద పడుతోంది. చాలాసేపు చప్పుడు సాగింది, ఆగింది. పిలవకూడదని పళ్లు బిగించి, ఊపిరి వినబడుతుందేమోనని చెవి అటు పెట్టాను.

లోపల ఆమె ఒకసారి దగ్గింది. నేను నోరు తెరవకముందే, "ఉన్న సారూ" అంది.