చెట్లు తీసేసిన రోడ్డు మీద అత్త కారు

మా మేనత్త పోయిందని మామయ్య గుడియాత్తం నుంచి ఫోన్ చేసినప్పుడు నేను వేలూరు బస్టాండులో ఉన్నాను. "నిద్దర్లోనే పోయిందమ్మా" అన్నాడు. అలాగే బస్సెక్కాను.

అత్తకు కార్ల పందెం ఆటంటే ప్రాణం. ఈ సంగతి చాలాకాలం మామయ్యకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. లుంగీల వ్యాపారం కోసం ఆయన ఒక పాత కంప్యూటర్ కొన్నాడు. కాలేజీ సెలవుల్లో నేను దాంట్లో ఆ ఆట ఎక్కించాను. మీలో ఆ కాలపు మిషన్లు ఎరిగినవాళ్లకు తెలుసు, ఆట అడిగేంత మెమరీ వాటికి ఉండేది కాదు. కారు కాస్త కదిలి నిలబడిపోయేది. నేనూ అత్తా కూర్చుని తెర సైజు తగ్గించాం, నీడలు తీసేశాం, వాన తీసేశాం. చెట్లు కూడా తీసేయాలంటే నాకు మనసొప్పలేదు.

"చెట్లు పోతే పోనీలేమ్మా, కారు పోవాల గదా" అంది అత్త.

కంప్యూటర్ డబ్బా వేడెక్కకుండా పక్క రేకు విప్పి టేబుల్ ఫ్యాన్ పెట్టాక, ఆ బోడి రోడ్డు మీద కారు పరుగెత్తింది. మలుపు వచ్చినప్పుడల్లా అత్త కూడా పక్కకు ఒరిగేది. ఇప్పటికీ ఏ పనైనా మొండికేస్తే, ఏమేం వదిలేయొచ్చో ముందు చూస్తాను. అది ఆమె దగ్గర నేర్చుకున్నదే.

గేటు చప్పుడైతే చాలు, తెర ఆపేసేది. "ఎవురన్నా చూస్తే అసింగమమ్మా" అని సిగ్గుపడేది.

ఒకసారి ఆంబూరు చుట్టాలు పెళ్లికి పిలవడానికి వచ్చారు. ఫ్యాన్ హోరులో గేటు వినపడలేదు. "ఇంట్లో పిలకాయలు లేరే, ఈ ఆట ఎవురిదప్పా?" అని వాళ్ల పెద్దాయన మామయ్యను అడిగాడు. మామయ్య నేల చూపులు చూశాడు. నేను నోరు తెరిచేలోగా అత్త "నాదే" అంది. వాళ్లు నవ్వారు. అత్త మళ్లీ ఆ ఆట ముట్టలేదు.

కర్మల రోజు భోజనాల దగ్గర అందరూ ఆమె పూజల గురించి, వంట గురించి చెప్పుకున్నారు. ఆ ఆట సంగతి ఎత్తడానికి నాకు సిగ్గేసింది. చారు వడ్డిస్తున్న మామయ్య ఉన్నట్టుండి అన్నాడు: "ఆమె కంప్యూటర్లో కార్ల ఆట ఆడతా ఉండె."

ఆంబూరు చుట్టాల్లో ఒక ముసలామె తలెత్తి "గెలస్తా ఉండెనా నాయనా?" అని అడిగింది.

"తెలీదు పెద్దమ్మా. నేను ఒకనాడన్నా పక్కన కూసోని చూళ్లేదు."

"గెలిచేది" అన్నాను నేను.

మామయ్య నా వైపు తిరిగాడు. గరిటె గాలిలోనే ఉండిపోయింది. చారు బొట్లుబొట్లుగా ఎవరి ఆకు అంచునో పడుతోంది.