విప్పిన పలుపు మళ్లీ కట్టాను

మాది నెక్కొండ దగ్గర పల్లె. నా చేతులతో పెంచిన ఆవు పెయ్య ఈడు దాటుతున్నా ఎదకు రాలేదు. మా అత్తమ్మ దాన్ని గొడ్డని తేల్చేసి, అమ్మడానికి బేరగాణ్ని పిలిపించింది. నాకు మనసొప్పలేదు. పశువుల డాక్టరుతో కొన్నాళ్ల తేడాలో రెండుసార్లు దాని రక్తం తీయించి పరీక్షకు పంపాను. ఫలితం రాకముందే బేరగాడు ట్రాలీ ఆటోతో వాకిట్లో దిగాడు. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగమన్నాను.

"పెయ్యకు నెత్తురు పరీక్షనా పెద్దమ్మా? మీ కోడలు దాన్ని కాలేజీల చేర్పిస్తదేమో" అన్నాడు. చుట్టుపక్కలవాళ్లంతా నవ్వారు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

మా దగ్గర పశువునమ్మితే పలుపు ఇవ్వరు. అత్తమ్మ పెయ్య మెడలోని పలుపు విప్పేసింది. బేరగాడు తన తాడు వేయబోతుండగా డాక్టరు ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాను.

"అమ్మకండమ్మా. మొదటిసారి తక్కువున్న హార్మోన్ రెండోసారి మంచిగ పెరిగింది. అంటే పెయ్య ఎదకొస్తనే ఉన్నది, పైకి కనబడతలేదంతే. దీన్ని మూగ ఎద అంటరు. టైం చూసి సూది వేస్తే చూడి కడుతది."

అత్తమ్మ చేతిలోని పలుపు తీసుకుని పెయ్య మెడకు మళ్లీ కట్టాను. "నీ బండి జర పక్కకు తియ్యన్నా" అన్నాను. బేరగాడు తన తాడు చుట్టుకుని బండెక్కాడు.

డాక్టరు చెప్పినట్టే అది చూడి కట్టి, ఈనింది. పైకి కనబడనంత మాత్రాన లోపల ఏమీ లేదనుకోకూడదని నాకప్పుడు తెలిసింది.

మొన్న ఆ బేరగాడే తన పెయ్య ఎదకు రావడం లేదని మా ఇంటికొచ్చాడు. దూడను నిమురుతున్న అత్తమ్మ తలెత్తకుండానే అంది: "కాలేజీల చేర్పియ్ బిడ్డా."